ఉద్యాన నగరాలు కట్టించిన గుమాస్తా: సర్ ఎబెనెజర్ హోవార్డ్

ప్రతి సంవత్సరం డిసెంబరు 17వ తేదీన మనం పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటున్నాము. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. పెన్షను ఒకరి దయాదాక్షిణ్యం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ ఆ తీర్పు తేల్చి చెప్పింది. ఈ సందర్భంగా వెలువడే ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయమని సంపాదకులు కోరారు. ఇటువంటి సంచికలలో సాధారణంగా జాతీయ నాయకుల గురించో, సంఘ సంస్కర్తల గురించో వ్రాస్తుంటాము. ఈసారి నేను మన గుమాస్తా వర్గానికి చెందిన ఒక ఆంగ్లేయుని ఎంచుకున్నాను. ఆయన పేరు ఎబెనెజర్ హోవార్డ్. పట్టణ ప్రణాళిక చదువుకున్నవారందరికీ ఆయన పేరు తెలుసు. మనలాంటి వారికి అంతగా తెలియదు.

ఎందుకు ఈయననే ఎంచుకున్నానో ముందుగా మనవి చేస్తాను. నేను రిజిస్ట్రేషన్ శాఖలో 34 సంవత్సరాలు పని చేశాను. 1998లో కంప్యూటర్లు రావడానికి ముందు దస్తావేజులన్నిటినీ మేము చేతితోనే పుస్తకాలలోకి నకలు వ్రాసేవాళ్లం. ఊరి చివర ఏదో ఒక సర్వే నంబరులోని మెట్ట భూమి ఒక ఏడాది ఎకరాల లెక్కన ఒక ధరకు అమ్ముడయ్యేది. అటు రోడ్డు పడుతుందని కబురు పుట్టేది. మరుసటి ఏడాదికల్లా అదే సర్వే నంబరు గజాల లెక్కన ముక్కలై, ఎన్నో రెట్ల ధరకు మళ్లీ మా బల్ల మీదికి వచ్చేది. రోడ్డు వేసింది ప్రభుత్వం, దానికి డబ్బు కట్టింది జనం. లాభం మాత్రం మధ్యలో కొని అమ్మినవాడిది. అమ్మిన రైతుకూ దక్కదు, అప్పు చేసి ప్లాటు కొన్న చిరుద్యోగికీ దక్కదు. రోడ్డు వల్ల, రైలు వల్ల, పదిమంది వచ్చి కాపురం ఉండడం వల్ల పెరిగిన ఆ విలువ న్యాయంగా ఎవరికి చెందాలి? నకలు వ్రాస్తూ నాలో నేను అనేకసార్లు వేసుకున్న ప్రశ్న ఇది. ఈ ప్రశ్నకు జవాబు వెతికి, ఆ జవాబును నిరూపించడానికి రెండు ఊళ్లు కట్టించిన మనిషి హోవార్డ్.

ఆయన 1850 జనవరి 29న లండను నగరంలో జన్మించారు. తండ్రి మిఠాయి దుకాణాలు నడుపుకునే చిన్న వ్యాపారి. హోవార్డ్ చదువు 15వ ఏటనే ఆగిపోయింది. వెంటనే ఒక స్టాక్‌బ్రోకరు కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. ఉద్యోగం చేస్తూనే పిట్‌మన్ షార్ట్‌హ్యాండు సొంతంగా నేర్చుకున్నారు. మన రోజుల్లో టైపు లోయరు, హయ్యరు, షార్ట్‌హ్యాండు పరీక్షలు పాసైతే ఉద్యోగం ఖాయమని ఎలా అనుకునేవాళ్లమో, ఆ రోజుల్లో లండనులోనూ అంతే. ఆ విద్యే ఆయనకు జీవితాంతం అన్నం పెట్టింది.

21 ఏళ్ల వయస్సులో, 1871లో, ఇద్దరు మిత్రులతో కలిసి అమెరికా వెళ్లారు. నెబ్రాస్కా రాష్ట్రంలో ప్రభుత్వం ఇచ్చిన 160 ఎకరాల భూమిలో వ్యవసాయం మొదలుపెట్టారు. కలం పట్టిన చేతికి నాగలి లొంగలేదు. ఏడాది తిరిగేసరికి సేద్యం వదిలి చికాగో చేరి, కోర్టులలో షార్ట్‌హ్యాండు విలేఖరిగా కుదురుకున్నారు. 1871 అక్టోబరులో జరిగిన ఘోర అగ్నిప్రమాదంలో చికాగో నగరంలో చాలా భాగం బూడిద అయింది. హోవార్డ్ అక్కడ ఉన్న సంవత్సరాలలో ఆ నగరాన్ని తిరిగి కడుతున్నారు. ఒక ఊరిని మొదటి నుంచి అనుకున్న విధంగా కట్టుకోవచ్చు అన్న సంగతి ఆయన కళ్లారా చూశారు. ఆ నగరానికి ఉద్యాన నగరం అని అప్పటికే ఒక ముద్దు పేరు ఉండేది.

1876లో స్వదేశం తిరిగి వచ్చి, పార్లమెంటు కమిటీల విచారణలను షార్ట్‌హ్యాండులో నమోదు చేసే గర్నీ సంస్థలో చేరారు. తరువాతి జీవితమంతా ఇదే వృత్తి. 1879లో ఎలిజబెత్ అనే ఆమెను వివాహమాడారు. నలుగురు పిల్లలు. ఆదాయం అంతంతమాత్రం. పైగా షార్ట్‌హ్యాండు టైపు యంత్రం ఒకటి కనిపెట్టాలని చేసిన ప్రయత్నాలలో సంపాదించిన దానిలో కొంత కరిగిపోయేది.

సభలలో, కమిటీలలో ఇతరులు మాట్లాడుతుంటే నోరు మెదపకుండా వ్రాసుకోవడం ఆయన పని. మంత్రులు, భూస్వాములు, కార్మిక నాయకులు, డాక్టర్లు ఎవరి వాదన వారు వినిపించేవారు. తక్కిన విషయాలలో ఎంత విభేదించినా ఒక్క విషయంలో మాత్రం అందరూ ఏకీభవించడం ఆయన గమనించారు. పల్లెలు ఖాళీ అవుతున్నాయి, నగరాలు కిక్కిరిసిపోతున్నాయి, ఇది మంచిది కాదు అన్నదే ఆ విషయం. 1801లో సుమారు 11 లక్షలున్న లండను జనాభా 1901 నాటికి 65 లక్షలకు చేరింది. కార్మిక కుటుంబాలు ఒక్కొక్క గదిలో కాపురం ఉండేవి. రైలు మార్గం పడిన ప్రతి దిక్కునా ఇళ్లు వరుసలుగా పాకిపోయేవి. అక్కడ పార్కు ఉండదు, బడి ఉండదు, పని దొరకదు. పొద్దున్నే రైలెక్కి నగరానికి పోవడం, చీకటి పడ్డాక తిరిగి రావడం. నేటి మన శివారు కాలనీల స్థితి దీనికి భిన్నంగా ఏమీ లేదు.

హోవార్డ్ చదువరి. అమెరికా రచయిత హెన్రీ జార్జి 1879లో వెలువరించిన గ్రంథంలో, సమాజం వల్ల పెరిగిన భూమి విలువ సమాజానికే చెందాలని వాదించారు. ఎడ్వర్డ్ బెల్లమీ 1888లో వ్రాసిన నవల సహకార పద్ధతిలో నడిచే సమాజాన్ని ఊహించింది. ఈ రెండూ హోవార్డ్‌ను ఎంతో ప్రభావితం చేశాయి. అయితే ఆయన ప్రభుత్వం అందరి భూములూ లాక్కోవాలని అనలేదు. చవకగా దొరికే పల్లె భూమిని మార్కెట్ ధరకే కొని, ఊరు కట్టి, ఆ భూమి ఎన్నటికీ ఎవరికీ అమ్మకుండా ఊరి ప్రజల తరఫున ధర్మకర్తల చేతిలో ఉంచితే సరిపోతుందని లెక్క వేశారు.

ఆ లెక్క మనలాంటి వారికి సులభంగా అర్థమవుతుంది. 6,000 ఎకరాలు, ఎకరం 40 పౌన్ల చొప్పున 2,40,000 పౌన్లు. ఈ సొమ్ము 4 శాతం వడ్డీకి తెస్తే ఏటా వడ్డీ 9,600 పౌన్లు. 1,000 ఎకరాలలో 30,000 మందికి ఊరు, మిగిలిన 5,000 ఎకరాలలో పొలాలు, తోటలు, మరో 2,000 మంది. ఇళ్లవారు, దుకాణదారులు, ఫ్యాక్టరీలవారు, రైతులు అందరూ భూమికి అద్దె చెల్లిస్తారు. ఊరు పెరిగేకొద్దీ ఆ అద్దె పెరుగుతుంది. అందులో ముందుగా వడ్డీ, తరువాత అసలు వాయిదా, మిగిలినదంతా రోడ్లకు, బడులకు, పార్కులకు. అప్పు తీరిపోయిన తరువాత ఆ మిగులు దేనికి వాడవచ్చునో కూడా ఆయన వ్రాశారు. అందులో ముఖ్యమైనది వృద్ధులకు పెన్షను. బ్రిటనులో వృద్ధాప్య పెన్షను చట్టం వచ్చింది 1908లో. 70 ఏళ్లు దాటిన పేదలకు వారానికి 5 షిల్లింగుల చొప్పున 1909 జనవరి 1 నుంచి ఇవ్వసాగారు. దానికి 10 సంవత్సరాలు ముందే, ఊరి భూమి మీద వచ్చే ఆదాయం ఊరిలోని ముసలివారికి చెందాలని ఒక గుమాస్తా లెక్క కట్టి చూపడం మనం గుర్తు పెట్టుకోదగిన విషయం.

రోడ్లు, రైళ్ల విషయంలో ఆయన ఆలోచన ఇంకా విశేషమైనది. ఊరు గుండ్రంగా ఉంటుంది. మధ్యలో తోట, దాని చుట్టూ ప్రజా భవనాలు. అక్కడి నుంచి 120 అడుగుల వెడల్పు రోడ్లు 6 బయటికి సాగుతాయి. నడిమిలో 420 అడుగుల వెడల్పున చెట్లతో నిండిన వీధి ఒకటి ఊరంతా చుట్టి వస్తుంది. బడులు అందులోనే. ఏ ఇంటి నుంచి అయినా ఆ వీధి 240 గజాలు దాటదు. పిల్లలు నడిచి బడికి పోవచ్చు. ఫ్యాక్టరీలు, గోదాములు ఊరి అంచున. వాటిని ఆనుకుని రైలు మార్గం చుట్టూ తిరుగుతుంది కనుక సరుకు బండ్లు ఊరి వీధుల్లోకి రానక్కరలేదు.

ఊరు నిండితే ఏం చేయాలి? చుట్టూ ఉన్న పొలాలను ప్లాట్లు చేయకూడదు. ఆ పచ్చని పట్టీని దాటి మరొక ఊరు కట్టాలి. అలా 58,000 మంది ఉండే నడి పట్టణం చుట్టూ 32,000 జనాభా గల ఊళ్లు ఆరు, మొత్తం 2,50,000 మంది. వీటన్నిటినీ 20 మైళ్ల వలయ రైలు కలుపుతుంది. అన్నిటికంటె దూరపు ఊరికి 12 నిమిషాలు, నడి పట్టణానికి 5 నిమిషాలు ప్రయాణం అని లెక్క వేశారు. ఇల్లు, పని, బడి, పొలం, రైలు అన్నీ ఒకే ప్రణాళికలో ముందుగా ఉండాలి, జనం తరువాత రావాలి. మన దగ్గర ముందు ప్లాట్లు అమ్ముతారు, తరువాత ఇళ్లు వస్తాయి, ఆ తరువాత నీళ్లు, రోడ్డు, బస్సు కోసం కాలనీ సంఘం అర్జీలు పట్టుకుని తిరుగుతుంది.

ఈ ఆలోచనలన్నీ పుస్తకంగా వ్రాస్తే అచ్చు వేసేవారు దొరకలేదు. మిత్రులొకరు 50 పౌన్లు సర్దగా 1898లో ఆ పుస్తకం వెలువడింది. 1902లో మార్పులతో గార్డెన్ సిటీస్ ఆఫ్ టుమారో అన్న పేరుతో మళ్లీ వచ్చింది. ఇదంతా ఊహాలోకమని కొందరు కొట్టిపారేశారు. హోవార్డ్ వాదనకు దిగలేదు. పగలు ఉద్యోగం, సాయంత్రాలు, సెలవు దినాలు ఉపన్యాసాలు. వెళ్లిన చోటల్లా ఊరి పటాలు గోడకు తగిలించి లెక్కలు వివరించేవారు. 1899లో గార్డెన్ సిటీ అసోసియేషన్ ఏర్పడింది. రాల్ఫ్ నెవిల్ అనే ప్రసిద్ధ న్యాయవాది అధ్యక్షత వహించగా, క్యాడ్బరీ, లీవర్ వంటి పారిశ్రామికవేత్తలు తోడ్పడ్డారు.

1903లో కంపెనీ ఏర్పడి, లండనుకు ఉత్తరాన సుమారు 35 మైళ్ల దూరంలో లెచ్‌వర్త్ వద్ద 3,818 ఎకరాలు కొన్నారు. భూమి 15 మంది యజమానులది. ఊరు వస్తుందని పొక్కితే ధర పెరిగిపోతుంది కనుక బేరసారాలు చాలా గోప్యంగా సాగాయి. 1903 అక్టోబరు 9న, వానలో, బురదలో ప్రారంభోత్సవం జరిగింది. రేమండ్ అన్విన్, బారీ పార్కర్ అనే వాస్తుశిల్పులు ప్లాను తయారు చేశారు. హోవార్డ్ గీసిన గుండ్రని పటాన్ని యథాతథంగా కాక, నేల వాలును బట్టి, ఉన్న చెట్లను బట్టి మలిచారు. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీచే ప్రాంతం కనుక పొగ ఇళ్ల మీదికి రాకుండా ఫ్యాక్టరీలను తూర్పు వైపున పెట్టారు. ఆ భూమిలోంచి అప్పటికే రైలు మార్గం పోతున్నది. దాని మీద ముందుగా చెక్క ప్లాట్‌ఫారం, తరువాత పక్కా స్టేషను వచ్చాయి. ఎకరానికి 12 ఇళ్లకు మించకూడదని అన్విన్ సూత్రం. 1909 ప్రాంతంలో అక్కడ అనేక రోడ్లు కలిసే చోట మధ్యలో గుండ్రని దిమ్మె కట్టి బండ్లు దాని చుట్టూ తిరిగి పోయే ఏర్పాటు చేశారు. బ్రిటనులో మొదటి రౌండబౌట్ అదేనని చెబుతారు.

అయితే అనుకున్నవన్నీ జరగలేదు. డబ్బు పెట్టిన పెద్దలకు 5 శాతానికి మించి డివిడెండు ఇవ్వరాదని నిబంధన. కొన్ని సంవత్సరాలపాటు అదీ ఇవ్వలేకపోయారు. విలువ పెరిగినకొద్దీ భూమి అద్దెను సవరించాలని హోవార్డ్ కోరిక. అలాంటి షరతుకు ఫ్యాక్టరీలవారు, ఇళ్లు కట్టుకునేవారు ముందుకు రాకపోవడంతో 99 సంవత్సరాల మామూలు లీజులే ఎక్కువగా ఇవ్వవలసి వచ్చింది. ఇంటి అద్దెలు అతి తక్కువ కూలి వచ్చేవారికి అందుబాటులో లేక, వారు చుట్టుపక్కల ఊళ్ల నుంచి సైకిళ్ల మీద పనికి వచ్చేవారు. ఆయన ఊహించిన వలయ రైలు ఎక్కడా పడలేదు. కంపెనీ నిర్వహణలో కూడా వ్యాపారస్తుల మాటే చెల్లింది. హోవార్డ్ దీనికి అలిగి తప్పుకోలేదు. ఉన్నంతలో ఊరు పెరగడమే ముఖ్యమనుకున్నారు.

ఈ కృషిలో ఆదినుంచీ తోడుగా నిలిచి, చాలీచాలని ఆదాయంతో ఇల్లు నెట్టుకొచ్చిన భార్య ఎలిజబెత్ 1904లో మరణించారు. ఆ ఊరిలో కాపురం ఉండే భాగ్యం ఆమెకు దక్కలేదు. మరుసటి సంవత్సరం హోవార్డ్ అక్కడికి మారారు. తరువాత రెండవ వివాహం చేసుకున్నారు. లెచ్‌వర్త్‌లో వంటిల్లు, భోజనశాల అందరికీ ఉమ్మడిగా ఉండే గృహ సముదాయం ఒకటి ఆయన ప్రోత్సాహంతోనే వచ్చింది. తానూ అందులో నివసించారు. ప్రపంచమంతా ఒక సులభ భాష నేర్చుకోవాలని ఎస్పెరాంటో భాషోద్యమంలో కూడా పాల్గొన్నారు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత ప్రభుత్వం పెద్ద ఎత్తున ఇళ్లు కట్టాలని తలపెట్టింది. ఆ ఇళ్లతో కొత్త ఊళ్లు కట్టాలని ప్రభుత్వాన్ని ఒప్పిద్దామని ఫ్రెడరిక్ ఆస్బర్న్ వంటి యువ సహచరులు అన్నారు. ప్రభుత్వం కోసం కూర్చుంటే తాను బ్రతికుండగా పని కాదని హోవార్డ్ అభిప్రాయం. 1919 మే 30న, 69 ఏళ్ల వయస్సులో, వెల్విన్ సమీపంలో వేలానికి వచ్చిన భూములకు పాట పాడారు. ధరావతు సొమ్ము మిత్రుల వద్ద అప్పుగా తెచ్చినది. అదీ చాలక వేలం రోజున తన తరఫు ఏజెంటే మిగతాది సర్దవలసి వచ్చింది. అలా 1,458 ఎకరాలు 51,000 పౌన్లకు కొన్నారు. ఇటువంటి సాహసం మనలో ఎవరైనా పదవీ విరమణ తరువాత చేస్తామంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా?

1920లో వెల్విన్ గార్డెన్ సిటీ పని మొదలైంది. లూయీ డి సోయ్‌సన్స్ దానికి వాస్తుశిల్పి. 1926లో రైలు స్టేషను ప్రారంభమైంది. హోవార్డ్ 1921లో అక్కడికి మారి, చివరి వరకు అక్కడే ఉన్నారు. 1927లో ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. 1928 మే 1న, 78వ ఏట, వెల్విన్‌లో మరణించారు. సమాధి లెచ్‌వర్త్‌లో ఉంది. రెండు ఊళ్లకు మూలపురుషుడైన ఆ మనిషి వృద్ధాప్యం వచ్చే వరకు షార్ట్‌హ్యాండు మీదనే బ్రతికారు. వెనకేసుకున్న ఆస్తి చెప్పుకోదగినంత లేదు.

ఆయన తరువాత 1946లో బ్రిటను కొత్త పట్టణాల చట్టం చేసి స్టీవనేజ్‌తో మొదలుపెట్టి అనేక పట్టణాలు కట్టింది. ఇక మొదట అడిగిన ప్రశ్నకు ఆ రెండు ఊళ్లూ రెండు విధాలుగా జవాబు చెప్పాయి. వెల్విన్ 1948లో ప్రభుత్వ కార్పొరేషను చేతికి పోయింది. 1966లో దాని ఆస్తులు దేశంలోని కొత్త పట్టణాలన్నిటి ఆస్తులు చూసే కమిషను కిందికి వెళ్లాయి. అంటే పెరిగిన భూమి విలువ ఆ ఊరి చేతిలో నిలవలేదు. లెచ్‌వర్త్‌లోనూ 1960 ప్రాంతంలో ఒక బయటి కంపెనీ వాటాలు కొని ఊరి భూమిని చేజిక్కించుకోబోయింది. ఊరివాళ్లు ఊరుకోలేదు. పోరాడి 1962లో పార్లమెంటులో ప్రత్యేక చట్టం చేయించుకున్నారు. భూమి ముందు ఒక కార్పొరేషనుకు, 1995 నుంచి ఒక ధర్మసంస్థకు దఖలు పడింది. ఆ భూమి మీద వచ్చే అద్దెలు ఈనాటికీ ఊరికే ఖర్చు అవుతున్నాయి. 2011 జనాభా లెక్కలలో లెచ్‌వర్త్ జనాభా సుమారు 33,000. హోవార్డ్ 1898లో ఊహించిన ఊరి జనాభాకు అది ఇంచుమించు సమానం.

నేడు మన నగరాల శివార్లలో గార్డెన్ సిటీ, గ్రీన్ సిటీ అన్న బోర్డులు చాలా కనిపిస్తాయి. పేరు మాత్రం హోవార్డ్‌ది, పద్ధతి ఆయనది కాదు. మనం 6,000 ఎకరాలు కొనలేము గాని, ఉన్నది పోకుండా చూసుకోగలం. లేఅవుటు మంజూరు చేసేటప్పుడు పార్కు కోసం, రోడ్ల కోసం వదిలిన స్థలాన్ని గిఫ్టు దస్తావేజు ద్వారా పురపాలక సంఘానికో, పంచాయతీకో రిజిస్టరు చేయాలి. చేశారో లేదో మన కాలనీవాసులలో చాలామంది చూడరు. ఆ స్థలం తరువాత నంబర్లు మార్చుకుని ప్లాట్లుగా అమ్ముడుపోయిన సందర్భాలు ఉన్నాయి. లెచ్‌వర్త్ ప్రజలు సకాలంలో మేల్కొన్నట్లే మనమూ మేల్కోవాలి.

కనుక సభ్య మిత్రులకు నా విన్నపం. మీ కాలనీ లేఅవుటు ప్లాను నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. పార్కు స్థలం ఉన్న సర్వే నంబరుకు ఇ.సి. తీయించి, గిఫ్టు దస్తావేజు నమోదై ఉందో లేదో సరిచూడండి. దరఖాస్తు వ్రాయడంలోగాని, ఇ.సి. చదవడంలోగాని సహాయం కావలసినవారు సంఘ కార్యాలయంలో నన్ను కలవవచ్చును. 34 సంవత్సరాలు దస్తావేజులు నకలు వ్రాసిన చేతికి ఆ మాత్రం పని కష్టం కాదు.